మీ పరిశోధన సర్కారు ఫైలు ఎక్కాలంటే ఏం చేయాలి?

“ఫలితాలు మా చేతిలో ఉన్నయి, అధికారులేమో పట్టించుకుంటలేరు. ఏం చేయాలి?” నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ స్కాలర్లు, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ స్కాలర్లు, పల్లెల్లో సర్వేలు చేసే సంస్థలవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఒక పని చేసి ఉంటారు. రిపోర్టుకు స్పైరల్ బైండింగ్ చేయించి, కలెక్టర్‌కు ఇస్తూ ఫొటో దిగి, దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుని ఉంటారు. ఆ రిపోర్టు సాయంత్రానికి పేషీలోని బీరువాలోకి చేరుతుంది. పేషీవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. 140 పేజీలు తిప్పినా తాము ఏం చేయాలో వాళ్లకు ఎక్కడా కనబడదు.

పద్ధతి అర్థం కావడానికి మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. ఫ్లోరైడ్ ఉన్న మూడు మండలాల్లో మీరు 40 సర్కారు బడుల నీళ్లు పరీక్షించారనుకోండి. ఊళ్లోకి మిషన్ భగీరథ నీళ్లు (పైపుల్లో తెచ్చే నది నీళ్లు) వస్తున్నా, 11 బడుల్లో మధ్యాహ్న భోజనం ఇంకా బోరు నీళ్లతోనే వండుతున్నారని తేలింది. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. మీది పత్తి అయినా, వలస అయినా, రక్తహీనత అయినా నడక ఇదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ఫలితం ఒక్క వాక్యంలో. వాక్యం కుదరలేదంటే పరిశోధన ఇంకా మిగిలే ఉంది.
- ఊరు, మండలం, తేదీతో ముడి లెక్కల పట్టిక. మనుషుల పేర్లు, ఆధార్ నంబర్లు అందులో ఉండొద్దు.
- మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం కాపీ. ఎవరైనా అభ్యంతరం చెబితే మొదట అడిగేది దీన్నే.
- ఆ విషయం మీద ఇప్పటికే ఉన్న జీవోలు, సర్క్యులర్లు. ఇవి చదవకుండా ఆఫీసు మెట్లు ఎక్కొద్దు. మీరు అడిగేది అప్పటికే ఉత్తర్వుల్లో ఉంటే అడిగే తీరే మారిపోతుంది. “కొత్తది ఇవ్వండి” అన్నది “ఉన్నదాన్ని అమలు చేయండి” అవుతుంది. రెండోది చాలా తేలిక.
- ఒక నోటుపుస్తకం. ఎవరిని ఏ రోజు కలిశారు, ఏమన్నారు, ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు రిజిస్టర్‌లో వేసే నంబరు) ఎంత అన్నవి అందులో రాసుకోవాలి.
- ఆరు నెలల నుంచి రెండేళ్ల ఓపిక. జిల్లాలో తేలే పనికి ఆరు నెలలు, సచివాలయం దాకా వెళ్లే పనికి రెండేళ్లు వేసుకోండి.

1. సంతకం ఎవరిదో కనుక్కోండి

“ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి” అని రాస్తే ఎవరికీ చెప్పనట్టే. ప్రభుత్వం అనే మనిషి ఏ కుర్చీలోనూ కూర్చోడు. ఒక్కో పనికి ఒక్కో సంతకం ఉంటుంది. మన ఉదాహరణలో బడి వంటగదికి నల్లా లైను, ఒక ట్యాంకు కావాలి. ఈ పని ఎక్కడెక్కడ తేలగలదో కింద నుంచి చూద్దాం.

- బడిలో హెడ్మాస్టర్, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంటారు. చిన్న మరమ్మతులైతే ఇక్కడే అయిపోతాయి.
- పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో తాగునీటికి విడిగా వాటా ఉంటుంది. ట్యాంకు, పైపు దాంట్లో పెట్టొచ్చు. ఇక్కడ సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి ముఖ్యం.
- ఊళ్లో పైపులైన్లు చూసే మిషన్ భగీరథ ఇంట్రా విభాగంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఎస్టిమేట్ వేస్తారు. పని విలువను బట్టి సాంకేతిక మంజూరు ఆయన పై ఇంజనీర్లయిన డీఈ దగ్గరో, ఈఈ దగ్గరో వస్తుంది.
- కలెక్టర్ జిల్లా మొత్తానికి ఆదేశం ఇవ్వగలరు. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు ఉన్న నల్గొండ, సూర్యాపేట జిల్లాల్లో గనుల నుంచి వచ్చే సొమ్ముతో నడిచే ఖనిజ నిధి ట్రస్టు కూడా ఉంది. తాగునీరు, ఆరోగ్యం, విద్య దాని ప్రాధాన్య రంగాలు.
- రాష్ట్రమంతటికీ ఒకే నియమం కావాలంటే శాఖ డైరెక్టర్ సర్క్యులర్ ఇవ్వాలి. కొత్త ఖర్చో, కొత్త విధానమో అయితే సచివాలయం నుంచి జీవో రావాలి. విధానానికి సంబంధించినవి సాధారణంగా జీవో ఎంఎస్‌గా, ఒక్కో పనికి, ఒక్కో ఉద్యోగికి సంబంధించినవి జీవో ఆర్‌టీగా వస్తాయి. పాత ఉత్తర్వులు వెతికేటప్పుడు ఈ తేడా తెలిసుంటే సగం సమయం మిగులుతుంది.

పని జరగడానికి ఎంత కిందిస్థాయి సంతకం సరిపోతే అంత కిందే మొదలుపెట్టండి. 11 బడుల నల్లాల కోసం ముఖ్యమంత్రికి రాస్తే ఆ కాగితం మెట్టు మెట్టూ దిగి, నెలల తర్వాత అదే ఏఈ బల్ల మీదికి వస్తుంది. అప్పటికి ఆయనకు మీ మీద ఎంత ప్రేమ ఉంటుందో ఊహించుకోండి.

2. లెక్కలు ఎదురు ప్రశ్నకు నిలవాలి

అధికారి మీ సిద్ధాంతాన్ని తప్పుపట్టరు. లెక్కలో ఒక్క తప్పు దొరికితే చాలు, మిగతాదంతా పక్కన పెట్టేస్తారు. మన ప్రాంతంలో తప్పులు ఎక్కువగా దొర్లే చోట్లు ఇవి.

జిల్లా సరిహద్దులు. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఉమ్మడి నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. షాద్‌నగర్, ఆమనగల్లు వైపు మండలాలు రంగారెడ్డిలో కలిశాయి, కొడంగల్ వికారాబాద్‌కు వెళ్లింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత, 2015-16ది, పాత 10 జిల్లాలతో ఉంది. ఐదో విడత 31 జిల్లాలతో ఉంది, అందులో నారాయణపేటకు విడి అంకె లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి “మహబూబ్‌నగర్‌లో రక్తహీనత ఇంత మారింది” అని రాస్తే మీరు పోల్చింది రెండు వేర్వేరు భూభాగాలను. పాతదైతే “ఉమ్మడి” అని ప్రతిసారీ రాయండి. పోల్చక తప్పకపోతే కొత్త జిల్లాలను జనాభా లెక్కన కలిపి, అలా కలిపామని కింద చెప్పండి.

తండాలు. 2018లో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. 2011 జనగణనలో వాటి లెక్క పాత ఊరి కింద కలిసి ఉంటుంది. దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు పనిచేసేవాళ్లు దీన్ని మరిచిపోతే హారమే తప్పుతుంది. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుండటం కూడా మామూలే. అందుకే పేరు పక్కన ప్రభుత్వ స్థానిక సంస్థల డైరెక్టరీలోని కోడ్ వేయండి.

నమూనాలు. ఫ్లోరైడ్ నీళ్లను గాజు సీసాలో పట్టొద్దు, ఫ్లోరైడ్‌కు గాజుతో చర్య ఉంటుంది. ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. బోరు లోతు, తేదీ, స్థలం అక్కడికక్కడే సీసా మీద రాయండి. ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక మరోసారి పట్టండి. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్య పరిమితి. వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా అనుమతి ఉంది. ఏ పరిమితి దాటిందో చెప్పకుండా “ప్రమాదకర స్థాయి” అని రాస్తే మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఈ మొత్తంలో ఎక్కువ ఫలితమిచ్చే చిట్కా ఒకటుంది. పది నమూనాలకు ఒకటి చొప్పున రెండు సీసాల్లో పట్టి, రెండోదాన్ని గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కే పంపండి. రెండు అంకెలూ దగ్గరగా వస్తే “మీ ల్యాబ్‌లో కూడా ఇదే వచ్చింది సార్” అనొచ్చు, ఇక వాదన ఉండదు. రాకపోతే తేడా ఎక్కడుందో మీరే ముందు వెతుక్కుంటారు, నలుగురిలో పరువు పోదు. ఫీల్డ్ కిట్‌లో రంగు చూసి చెప్పిన అంకెతో మాత్రం ఆఫీసుకు వెళ్లొద్దు. కిట్ ఎక్కడ లోతుగా పరీక్షించాలో చెప్పడానికే పనికొస్తుంది. ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్‌తో కొలిచిన అంకె కావాలి.

3. రాయకముందే ఇద్దరితో మాట్లాడండి: పని చేసే మనిషి, పని చేయించే మనిషి

బడికి నల్లా ఉండి కూడా బోరు నీళ్లు ఎందుకు వాడుతున్నారో రిపోర్టు చెప్పదు, వంటామె చెబుతుంది. “నల్లా పొద్దుగాల ఆరింటికి వస్తది, గంటకు బందయితది. నేను వచ్చేది తొమ్మిదిన్నరకు.” పట్టి పెట్టుకోవడానికి ట్యాంకు లేదు, అంతే సంగతి. ఇది వినకపోతే మీరు ఫ్లోరైడ్ మీద “అవగాహన శిబిరాలు” సిఫారసు చేసి వచ్చేవాళ్లు. ఇంకొంచెంసేపు కూర్చుంటే ఆమే మరోమాట చెబుతుంది, బోరు నీళ్లలో పప్పు ఉడకదని. నీటి కాఠిన్యం వల్ల అది నిజం. గ్యాసో కట్టెలో ఎక్కువ ఖర్చవుతాయి. మీ నోట్‌లో ఫ్లోరైడ్‌కు తోడు ఇది కూడా పెట్టండి. పదేళ్ల తర్వాత వంకరపోయే ఎముక గురించి చెప్పినప్పుడు తలూపే మనిషి, ఈ నెల గ్యాస్ ఖర్చు గురించి చెబితే పెన్ను తీస్తారు. అలాగే “మరిగిస్తే పోతది కదా” అనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. మరిగిస్తే నీరు తగ్గి ఫ్లోరైడ్ గాఢత పెరుగుతుంది. ఆ వాక్యం ముందే సిద్ధం చేసుకోండి.

తర్వాత ఏఈని కలవండి. పైఅధికారికి మీ నోట్ వెళ్లాక అది తిరిగి వచ్చేది ఈయన దగ్గరికే. “మీ లోపం బయటపెట్టాం” అన్న ధోరణి వద్దు. ఎక్కడ పైపు వేయొచ్చో, ఎంత పొడవు పడుతుందో, ఏ బడికి ప్రెషర్ అందదో అడగండి. రఫ్ ఎస్టిమేట్ వేయించుకోగలిగితే మీ కాగితం విలువ పదింతలవుతుంది.

ఎవరి గొంతు వింటున్నారో కూడా చూసుకోండి. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులతో ఇచ్చే పద్ధతి మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాల్లో అధ్యయనం చేసింది. నల్గొండ వాటిలో ఒకటి. కింది నుంచి ఫిర్యాదులే ఎక్కువ వస్తుండటంతో పద్ధతిని ఎత్తేద్దామన్న ఆలోచన పైస్థాయిలో ఒక దశలో బలంగానే వచ్చింది. కార్డు వాడిన కూలీలను, పింఛనుదారులను అడిగితే 90 శాతానికి పైగా కొత్తదే నయమన్నారు. గట్టిగా మాట్లాడేది నష్టపోయినవాళ్లు. లాభపడినవాళ్లు ఊరుకుంటారు. మీ సర్వే ఆ ఊరుకున్నవాళ్ల మాట పట్టుకొస్తేనే దానికి వేరే ఎవరూ ఇవ్వలేని విలువ.

4. ఒక్క పేజీ రాయండి

పరిశోధనను విధానకర్తలకు అందించేవాళ్లలో 1, 3, 25 అనే కొలత చలామణిలో ఉంది. ఒక పేజీలో ముఖ్యాంశాలు, మూడు పేజీల్లో సారాంశం, 25 పేజీల్లో రిపోర్టు. మన దగ్గర అధికారి చదివేది ఆ ఒక్క పేజీనే. మూడు పేజీలు సెక్షన్ సూపరింటెండెంట్ చదువుతారు, ఆఫీసు నోట్ రాయాల్సింది ఆయనే కాబట్టి. అందుకే తెలుగులో రాయండి, ఆ వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు నోట్ ఫైలులోకి (ఆఫీసువాళ్లు తమ అభిప్రాయాలు, నిర్ణయాలు రాసే ఫైలు) ఎక్కేలా రాయండి. సాఫ్ట్ కాపీ యూనికోడ్‌లో ఇవ్వండి. డీటీపీ ఫాంటులో ఇస్తే ఇంకో కంప్యూటర్‌లో గీతలు కనబడతాయి.

వద్దనేది ఇలా ఉంటుంది:

“అధ్యయన ప్రాంతంలోని పాఠశాలల్లో ఫ్లోరైడ్ సమస్య తీవ్రంగా ఉన్నందున ప్రభుత్వం తగిన చర్యలు చేపట్టి, ప్రజల్లో అవగాహన పెంచాల్సిన అవసరం ఎంతైనా ఉంది.”

పనికొచ్చేది ఇలా ఉంటుంది:

“మూడు మండలాల్లో 40 బడులు పరీక్షించాం. 11 బడుల్లో వంట నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది (జాబితా జతచేశాం). 11 ఊళ్లలోనూ భగీరథ నల్లా ఉంది. 7 బడుల్లో లోపం ట్యాంకు లేకపోవడమే. 4 బడులకు లైను వేయాలి. 120 మంది పిల్లలున్న బడికి వంటకు, తాగడానికి 500 లీటర్ల ట్యాంకు చాలు. ఏఈ గారి రఫ్ ఎస్టిమేట్ జతచేశాం. 7 ట్యాంకులు పంచాయతీ నిధుల్లో, 4 లైన్లు ఖనిజ నిధిలో పెట్టవచ్చు. పొద్దున ట్యాంకు నింపే బాధ్యత పంచాయతీ వాటర్‌మన్‌కు అప్పగిస్తూ ఎంపీడీఓ ఉత్తర్వు ఇవ్వాలి. బడులు తెరిచే జూన్ 12లోపు పూర్తి కావాలని కోరుతున్నాం.”

ఎన్ని, ఎక్కడ, ఎందుకు, ఏం కావాలి, డబ్బు ఎక్కడిది, రేపు ఎవరు నడుపుతారు, ఎప్పటికి. అన్నీ అందులోనే ఉన్నాయి చూడండి. వీటిలో “రేపు ఎవరు నడుపుతారు” అన్నది ఎక్కువమంది వదిలేస్తారు. మన జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన నల్గొండ టెక్నిక్ సంగతి చూడండి. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) దాన్ని 1970లలో రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి. తూర్పు ఆఫ్రికా దాకా వెళ్లింది. శాస్త్రం సరైనదే, సామాను చవకదే. కానీ నీటి క్షారతను బట్టి పటిక మోతాదు మారుతుంది, రోజూ ఎవరో ఒకరు కొలిచి కలపాలి, అడుగున చేరిన మడ్డి తీసి పారబోయాలి. ఆ “ఎవరో ఒకరు” ఎవరో తేలని ఊళ్లో ఎంత మంచి పద్ధతైనా నిలవదు. ఇక్కడ చివరికి రాష్ట్రం నది నీళ్లనే పైపుల్లో తెచ్చే దారి పట్టింది.

పథకం పేర్లకు మీ సిఫారసును కట్టేయొద్దు. బడుల మరమ్మతులు 2022లో “మన ఊరు మన బడి” కింద జరిగాయి, 2024లో అమ్మ ఆదర్శ కమిటీల చేతికి వచ్చాయి. రైతుబంధు రైతు భరోసా అయింది. పాత పేరుతో ఉన్న సిఫారసును కొత్త సర్కారులో ఎవరూ ముట్టరు. నోట్‌లో పని రాయండి, ఏ పథకం కిందన్నది చివరి వాక్యంలో పెట్టండి, మార్చుకోవడం తేలిక.

5. సమయం చూసుకోండి

- రాష్ట్ర బడ్జెట్ మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో పెడతారు. శాఖలు అంచనాలు పంపడం అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతుంది. కొత్త పద్దు కావాలంటే దసరా లోపు మీ కాగితం శాఖ డైరెక్టరేట్‌లో ఉండాలి. జనవరిలో ఇచ్చేది ఆ ఏటికి అందదు.
- ఫిబ్రవరి, మార్చి నెలల్లో జిల్లా అధికారులు ఉన్న నిధులు ఖర్చు పెట్టే హడావుడిలో ఉంటారు. ఎస్టిమేట్‌తో సిద్ధంగా ఉన్న చిన్న పని అప్పుడే దూరుతుంది.
- ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లు కొత్త మంజూరులు రావు, కలెక్టర్ ఎన్నికల పనిలో ఉంటారు. ఆ సమయంలో లెక్కలు సరిచూసుకోండి.
- కలెక్టర్ బదిలీ అయితే కొత్తవాళ్లు వచ్చిన వారంలోనే వెళ్లొద్దు. మూడు నాలుగు వారాలు ఆగండి. బదిలీ కాకుండా ఎక్కువకాలం ఉండే సూపరింటెండెంట్లతో, ప్రణాళికాధికారి ఆఫీసుతో పరిచయం నిలుపుకోండి.

వేగం కూడా సమయంలో భాగమే. 2018లో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు పరిశోధకులు, ప్రభుత్వం కలిసి రైతులకు ఫోన్ చేసి “చెక్కు అందిందా?” అని అడిగారు. తమ మండలంలో ఇలా ఫోన్లు వస్తాయని కొందరు వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. అలా చెప్పిన మండలాల్లో పంపిణీ మెరుగుపడింది. అయిన ఖర్చు సుమారు 25 లక్షలు, దానివల్ల రైతులకు అదనంగా చేరిన సొమ్ము సుమారు 7 కోట్లు. జర్నల్‌లో వ్యాసం వచ్చింది 2021లో. ప్రభుత్వం అప్పటిదాకా ఆగి ఉంటే దానికి ఒరిగేదేమీ లేదు. జర్నల్‌కు ఒక గడియారం, ఆఫీసుకు ఒక గడియారం. ముందస్తు ఫలితాలు ఆఫీసుకు ఇస్తే ప్రచురణకు అడ్డమా అన్నది మీ గైడ్‌తో, జర్నల్ నియమాలతో ముందే తేల్చుకోండి.

6. చేతికివ్వడం, గుర్తు తీసుకోవడం

అధికారి అపాయింట్‌మెంట్‌కు పేషీలో అడగండి. పది నిమిషాలు దొరుకుతాయి, మధ్యలో రెండు ఫోన్లు వస్తాయి. కాబట్టి మీకున్నది ఆరు నిమిషాలు. ప్రొజెక్టర్ వద్దు. ఆ ఒక్క పేజీ, 11 బడుల జాబితా, ఒక ఫొటో చాలు. మొదటి వాక్యంలోనే అడగాల్సింది అడిగేయండి. శాలువా కప్పడానికి రెండు నిమిషాలు పోగొట్టుకోవద్దు.

అధికారి “చూద్దాం” అంటే అక్కడితో లేవకండి. “ఏ సెక్షన్‌కు పంపమంటారు సార్?” అని అడగండి. కాగితం మీద ఒక మూల రెండు మాటలు రాసి సంతకం పెట్టించుకోగలిగితే అదే మీ ఆస్తి. వెంటనే ఇన్‌వర్డ్‌లో నంబరు వేయించి, ఆ పేజీ ఫొటో తీసుకోండి. నంబరు లేని కాగితం ఇవ్వనట్టే లెక్క.

అపాయింట్‌మెంట్ దొరకకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంది. అక్కడ పింఛను రానివాళ్లు, భూమి తగాదాలవాళ్లు వరుసలో ఉంటారు, మీ విశ్లేషణ వినే తీరిక ఎవరికీ ఉండదు. కానీ రసీదు వస్తుంది, అర్జీ సంబంధిత శాఖకు తప్పనిసరిగా వెళ్తుంది. రసీదు కోసం వెళ్లండి, చర్చ కోసం వద్దు.

7. తలుపు తెరుచుకోకపోతే

నెలన్నర గడిచినా కదలిక లేకపోతే ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించండి. అన్నీ ఒకేరోజు వద్దు.

దిశ కమిటీ. జిల్లా ఎంపీ అధ్యక్షతన కేంద్ర పథకాలను సమీక్షించే కమిటీ ఇది. మధ్యాహ్న భోజనంలో కేంద్రం వాటా ఉంది కాబట్టి మన విషయం ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. సభ్యుల్లో ఒకరికి మీ పేజీ ఇచ్చి ఒక్క ప్రశ్న అడిగించండి. జవాబు మినిట్స్‌లోకి (సమావేశం రికార్డులోకి) ఎక్కుతుంది.

ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ. బడుల విషయమైతే ఉపాధ్యాయ ఎమ్మెల్సీని చాలామంది మరిచిపోతారు. నల్గొండ వైపు వరంగల్–ఖమ్మం–నల్గొండ, పాలమూరు వైపు మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ నియోజకవర్గాలు. సభలో ప్రశ్న వేస్తే శాఖ లిఖితపూర్వకంగా జవాబు తయారు చేయాల్సిందే. ఆ ఒత్తిడికే కింద ఫైళ్లు కదులుతాయి. ప్రశ్న మీరే రాసిచ్చేయండి: ఎన్ని బడుల్లో, ఏ తేదీ నాటికి, ఎంత నిధి. ఒకే పేజీని అధికార, ప్రతిపక్షాలు రెంటికీ ఇవ్వండి, ఇచ్చామని ఇద్దరికీ చెప్పండి. ఒకరికే ఇస్తే మీ పరిశోధన ఆ పార్టీ కరపత్రమైపోతుంది, ఆపైన ఎన్నేళ్లయినా ఆ ముద్ర పోదు.

సమాచార హక్కు. దరఖాస్తు రుసుము గ్రామస్థాయి ఆఫీసులో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు. “ఎందుకు చేయలేదు” అని అడగొద్దు, అది సమాచారం కిందికి రాదంటారు. “ఇన్‌వర్డ్ నంబరు ఫలానా కాగితం మీద తీసుకున్న చర్యల నోట్ ఫైలు కాపీ ఇవ్వండి” అని అడగండి. నోటితో అడిగితే ఇచ్చేదాని కోసం దీన్ని వాడితే మాత్రం ఉన్న స్నేహం చెడుతుంది.

పత్రిక. ఇది చివర్లో. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే, అధికారికి ఇవ్వకముందే జిల్లా పేజీలో వార్త వచ్చేసి. పొద్దున్నే ఆ క్లిప్పింగ్ కలెక్టర్ ముందుకు వెళ్తుంది, సంబంధిత శాఖను వివరణ అడుగుతారు, వాళ్లు “అలాంటిదేమీ లేదు” అని ఖండన రాస్తారు. ఒకసారి కాగితం మీద కాదన్నాక అదే అధికారి అవునని ఎలా అంటారు? అందుకే ముందు ఆఫీసు, తర్వాత పత్రిక. వార్త ఇచ్చినా బడుల పేర్లు, పిల్లల ఫొటోలు ఇవ్వొద్దు. పళ్ల మీద మచ్చలున్న పిల్ల ముఖం పేపర్లో వేస్తే పెళ్లి వయసు దాకా ఆమెను వెంటాడుతుంది.

కోర్టు, హక్కుల కమిషన్ కూడా ఉన్నాయి. అటు వెళ్తే అదే ఆఫీసుతో కలిసి పనిచేసే దారి చాలాకాలం మూసుకుపోతుందని తెలిసి వెళ్లండి.

8. పని అయిందో లేదో ఎలా చూసుకోవాలి

“సానుకూలంగా స్పందించారు” అన్నది ఫలితం కిందికి రాదు. మూడుచోట్ల చూడండి.

మొదట కాగితం: మెమో, ప్రొసీడింగ్స్, సర్క్యులర్, ఏదైనా నంబరు, తేదీతో ఉండాలి. 11 బడుల పేర్లూ అందులో ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, టైపింగ్‌లో ఒకటి రెండు జారిపోవడం మామూలే. తర్వాత డబ్బు: మంజూరు వేరు, విడుదల వేరు, బిల్లు పాసవడం వేరు. పని చేసినవాళ్లకు బిల్లు రాక మధ్యలో ఆగిన ట్యాంకు దిమ్మెలు ఏ మండలంలోనైనా కనబడతాయి. చివరగా నేల: చెప్పకుండా, బడి ఉన్నరోజు పొద్దున పదింటికి వెళ్లండి. ట్యాంకు ఉందా అని చూడటం చాలదు. మూత తీసి నీళ్లున్నాయా చూడండి, వంటామె బిందె ఎక్కడ ముంచుతున్నారో చూడండి. గిన్నెలోని నీళ్లే సీసాలో పట్టి మళ్లీ పరీక్షకు పంపండి. పని అయిన వారం తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి, వచ్చే ఏప్రిల్‌లో ఒకసారి ఇలా చేయండి. ఎండాకాలంలో సరఫరా తగ్గితే మొదట బోరు వైపు మళ్లేది వంటగదే.

11లో 8 బడులు మారితే 8 అనే రాయండి. మిగతా 3 ఎందుకు మారలేదో పక్కనే రాసి, అదే అధికారికి అర పేజీ పంపండి. చేసినవాళ్ల పేరు, హోదాతో ధన్యవాదాలు ముందు, మిగిలిన పని తర్వాత. ఏఈ పేరు అందులో తప్పకుండా ఉండాలి. ఆ అర పేజీ ఇన్‌వర్డ్ నంబరు కూడా నోటుపుస్తకంలో వేసుకోండి, పక్క డివిజన్‌లోని బడుల కోసం వెళ్లినప్పుడు మొదట తీయాల్సిన కాగితం అదే.